ప్రతి లోటూ నీ ఖాతాలోనే ఎందుకు రాసుకుంటున్నావు?

విల్లివాక్కం, చెన్నై

చిన్నీ,

మొన్న ఆదివారం రాత్రి ఫోన్లో నువ్వు రెండు మాటలన్నావు. మొదట "నా చేతుల్లో ఏమీ లేదమ్మా" అన్నావు. కాసేపటికే "అంతా నా చేతకానితనమే" అన్నావు. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు ఏడ్చినందుకు కడుపు తరుక్కుపోయింది, అది ఒకటి. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి ఎలా పొసుగుతాయా అన్నది రెండోది. చేతుల్లో ఏమీ లేనప్పుడు తప్పంతా నీదెలా అవుతుంది? తప్పంతా నీదే అయితే సరిచేసుకోవడమూ నీ చేతుల్లోనే ఉండాలి కదా?

ఇవన్నీ ఫోన్లో మాట్లాడుకునేవి కావు. నువ్వు రెండు మీటింగుల మధ్య వింటావు. వాట్సాప్‌లో పెడితే ఒకసారి చూసి పక్కన పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే మనసు బాగున్నప్పుడొకసారి, బాగోలేనప్పుడొకసారి చదువుకుంటావని రాస్తున్నాను. అల్లుడుగారికి చూపించాలనిపిస్తే చూపించు.

నలభై ఏళ్ళు వచ్చేసరికి కంపెనీలో డైరెక్టర్ అవ్వాలని నువ్వు ఎప్పుడో అనుకున్నావు. 2005లో క్యాంపస్ ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చినప్పుడే ఆ లెక్క వేసుకున్నావు. అయిదేళ్ళకు లీడ్, పదేళ్ళకు మేనేజర్, పదిహేనేళ్ళకు ఇంకో మెట్టు అని మీ నాన్న ముందు కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టావు. ఇప్పుడు నలభై ఒకటి నిండాయి. సీనియర్ మేనేజర్ దగ్గరే ఉన్నావు. ఆ సీటు నీకంటే నాలుగేళ్ళు చిన్నవాడికి ఇచ్చారు. బాధ ఉంటుంది, ఉండకూడదని నేను అనను. "ఉన్నదానితో సంతోషపడు" అని చెప్పడానికీ ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మాట నాతో చాలామంది అన్నారు, ఒక్కసారి కూడా పనికి రాలేదు.

నీ పిన్ని కూతురు సైకాలజీలో ఎం.ఏ. చేస్తోంది కదా, పోయిన వారం మన ఇంటికి వచ్చింది. నీ పేరు ఎత్తకుండా, మనిషికి తన జీవితం తన అదుపులో ఉందో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. ఫోన్లో ఏదో తీసి ఏడు వాక్యాలు ఒక్కొక్కటీ తెలుగులో చెప్పి, ఒప్పుకుంటావా ఒప్పుకోవా పెద్దమ్మా అని అడిగింది. "నాకు జరిగేవాటి మీద నాకు పెద్దగా అదుపు లేదు" అన్నది ఒకటి. "మనసు పెడితే దాదాపు ఏదైనా చేయగలను" అన్నది ఒకటి. ఇంకోటి విని నేను కాసేపు ఆగిపోయాను: "ఒక్కోసారి జీవితంలో నన్ను ఎవరో అటూ ఇటూ నెడుతున్నట్టు అనిపిస్తుంది." లియొనార్డ్ పెర్లిన్, కార్మీ స్కూలర్ అని ఇద్దరు అమెరికా పరిశోధకులు 1978లో ఈ ప్రశ్నలు తయారుచేశారట. ఇప్పటికీ వాడుతున్నారట.

ఇంకో సంగతి చెప్పింది. అమెరికా ప్రభుత్వం 1979లో 14 నుంచి 22 ఏళ్ళ మధ్య ఉన్న 12,686 మందిని ఎంచుకుని, దశాబ్దాల తరబడి మళ్ళీ మళ్ళీ కలిసి వివరాలు రాసుకుంటూ వచ్చిందట. మొదట్లోనే వాళ్ళను అడిగిన ప్రశ్న ఒకటి: 35 ఏళ్ళ వయసులో ఏ పని చేస్తుండాలనుకుంటున్నావు? 1992లో ఇందాకటి ఏడు ప్రశ్నలూ వాళ్ళను అడిగారట. ఆ పిల్లలు నా ఈడువాళ్ళు, చిన్నీ. అక్కడ వాళ్ళు ఆ ప్రశ్నకు జవాబు చెబుతున్న రోజుల్లోనే నేను ఇక్కడ బ్యాంకు పరీక్షకు చదువుకుంటున్నాను. నన్ను ఎవరైనా అడిగి ఉంటే 35 ఏళ్ళకు ఆఫీసరు, నలభైకి బ్రాంచి మేనేజరు అని చెప్పి ఉండేదాన్ని.

అదే అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో 1957లో హైస్కూలు ముగించిన వాళ్ళ మీద ఇంకో పరిశోధన ఉంది. అందులోని ఆడవాళ్ళ సంగతి డెబోరా కార్ అనే సోషియాలజిస్టు 1997లో రాసింది. ముప్పైల్లో తాము అనుకున్న ఉద్యోగం స్థాయికి యాభైలకు చేరుకోలేకపోయిన వాళ్ళలో దిగులు ఎక్కువ, జీవితానికి ఒక అర్థం ఉందన్న భావన తక్కువ అని తేలింది. నువ్వు పడుతున్న బాధ బలహీనత కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎక్కడో వేరే దేశంలో, వేరే కాలంలో ఉన్న ఆడవాళ్ళకూ ఇలాగే అనిపించింది.

ఇక నా సంగతి చెబుతాను. నీకు సగమే తెలుసు.

1993లో నాకు ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చింది. నువ్వు నాలుగో తరగతిలో ఉన్నావు. ఆ రోజుల్లో మా బ్యాంకులో క్లర్కు నుంచి ఆఫీసరయితే వేరే రాష్ట్రానికి పోస్టింగ్ ఇచ్చేవాళ్ళు. మూడేళ్ళ దాకా వెనక్కి రావడం ఉండేది కాదు. మీ నాన్న ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్నారు. మీ నానమ్మకు పక్షవాతం వచ్చి మంచం మీద ఉంది. నేను రెండు వారాలు ఆలోచించాను. మీ నాన్న "వెళ్ళు, నువ్వు లేకపోయినా ఎలాగో నెట్టుకొస్తాను" అన్నారు. నేనే వద్దనుకున్నాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక నా టేబుల్ దగ్గరే కూర్చుని, కుటుంబ కారణాల వల్ల ఈ ప్రమోషన్ స్వీకరించలేకపోతున్నానని ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి, సంతకం పెట్టి, మేనేజర్ గారికి ఇచ్చాను. ఆయన చదివి, "బాగా ఆలోచించుకున్నారా?" అని అడిగారు. ఆలోచించుకున్నానన్నాను. ఆ కాగితం కాపీ ఇప్పటికీ బీరువాలో ఉంది.

తర్వాత నువ్వు హైస్కూలుకు వచ్చావు, నానమ్మ పోయింది. 1998లో మళ్ళీ ప్రమోషన్ పరీక్ష రాశాను. అప్పుడు నాకు నలభై. ఈసారి ఎక్కడికి వేసినా వెళ్ళడానికి సిద్ధపడ్డాను. రాత పరీక్ష పాసయ్యాను, ఇంటర్వ్యూకు వెళ్ళాను. లిస్టులో నా పేరు లేదు.

రెండుసార్లూ జరిగింది ఒకటే, నేను ఆఫీసరు కాలేదు. జీతంలో తేడా ఒకటే. కానీ 1993 నన్ను ఏనాడూ బాధపెట్టలేదు. 1998 మాత్రం చాలాకాలం తిననివ్వలేదు. ఇంటర్వ్యూలో నా ఇంగ్లీషు బాగాలేదా, కట్టుకున్న చీర బాగాలేదా, మొదటిసారి వద్దన్నానని గుర్తుపెట్టుకున్నారా అని రోజూ అదే ఆలోచన. నువ్వు ఫోన్లో అన్నట్టే నేనూ ఒక రోజు అంతా నా తలరాత అనుకునేదాన్ని, మర్నాడు అంతా నా తెలివితక్కువతనం అనుకునేదాన్ని. చాలా రోజులయ్యాక మా యూనియన్ ఆయన ఒకరు మాటల్లో చెప్పారు. ఆ ఏడాది మా జోన్ మొత్తానికి ఖాళీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. రాత పరీక్ష పాసైన వాళ్ళలో చాలామంది పదేళ్ళు ఎక్కువ సర్వీసు ఉన్నవాళ్ళు, సర్వీసుకు మార్కులు కలిశాయి. అంతే. నా ఇంగ్లీషుకు దానితో సంబంధం లేదు. ప్రమోషన్ రాలేదన్న నిజం మారలేదు, కానీ ఆ రోజు సాయంత్రం కడుపునిండా అన్నం తిన్నాను.

అప్పటినుంచి నాకు ఒకటి గట్టిగా అనిపిస్తుంది. మనిషిని తినేసేది అనుకున్నది కాకపోవడం ఒక్కటే కాదు. అది ఎవరు నిర్ణయించారో తెలియకపోవడం అంతకంటే ఎక్కువ తినేస్తుంది. నేను నిర్ణయించుకుని వదిలేసింది బరువు కాలేదు. ఎవరు, ఎందుకు నిర్ణయించారో తెలియనిది మాత్రం ఏళ్ళ తరబడి మోశాను.

మన ఇళ్ళల్లో రెండు మాటలు వింటూ పెరుగుతాం. నానమ్మ "రాసిపెట్టి ఉంటే వస్తుంది" అనేది. బళ్ళో గోడ మీద "కృషితో నాస్తి దుర్భిక్షం" అని రాసి ఉండేది. జూలియన్ రాటర్ అనే అమెరికా సైకాలజిస్టు 1966లోనే మనుషులను ఈ రెండు నమ్మకాల మధ్య ఎవరు ఎటు మొగ్గుతారో కొలవడానికి ప్రశ్నలు పెట్టాడట. కష్టపడితే వస్తుందని నమ్మేవాళ్ళు సాధారణంగా ముందుకు పోతారు. నువ్వు అలా నమ్మావు కాబట్టే ఇంత దూరం వచ్చావు. అయితే అదే నమ్మకం నలభైల్లో ఎదురు తిరుగుతుంది. వచ్చిందంతా నా కష్టం వల్లే వచ్చిందనుకున్న మనిషి, రానిదంతా నా తక్కువతనం వల్లే రాలేదనుకుంటుంది.

నేను క్యాష్ కౌంటర్లో చేసినన్నాళ్ళూ ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం క్యాష్ తక్కువైతే క్యాషియర్ తన జేబులోంచి కట్టాలి, ఎందుకంటే ఆ నోట్లు లెక్కపెట్టింది నేనే. అదే చెక్కుల క్లియరింగ్‌లోనో, వేరే బ్రాంచి ఎంట్రీలోనో తేడా వస్తే నేను కట్టను. ఎవరిదో తేలేదాకా దాన్ని సస్పెన్స్ ఖాతాలో వేస్తాం, తర్వాత వెతికి సరిచేస్తాం. నువ్వు ఈ ఇరవై ఏళ్ళలో వచ్చిన ప్రతి తేడానూ నీ జేబులోంచి కడుతున్నావు. ఒక్కసారి వోచర్లన్నీ బయటికి తీసి చూద్దాం. నాకు తెలిసినవి నేను తీస్తాను.

2008. నిన్ను ఆన్‌సైట్ పంపుతామన్నారు, వీసా కాగితాలు కూడా మొదలయ్యాయి. సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది, మాంద్యం వచ్చింది. నీ ప్రాజెక్టు పోయింది, చాలా నెలలు బెంచి మీద కూర్చున్నావు. నీ మేనమామ కొడుకు 2009లో ఇంజనీరింగ్ ముగించి ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని జాయినింగ్ కోసం ఏడాది ఎదురుచూశాడు. కెనడాలో చేసిన ఒక పరిశోధనలో ఆర్థిక మాంద్యం ఉన్నప్పుడు కాలేజీ నుంచి బయటికి వచ్చిన వాళ్ళ జీతాల్లో తేడా కరగడానికి పదేళ్ళ దాకా పట్టిందని తేలింది. మాంద్యం నువ్వు తెచ్చిందా? ఇది నీ ఖాతాలోది కాదు.

2014. పాప పుట్టింది. అప్పటి చట్టం ప్రకారం నీకు వచ్చిన ప్రసూతి సెలవు 12 వారాలు. పాప బరువు తక్కువ, డాక్టరు ఇంకొన్నాళ్ళు దగ్గర ఉండమన్నాడు. అందుకని జీతం లేని సెలవు ఏడాది పెట్టావు. తిరిగి వెళ్ళేసరికి నీ టీమ్ ఇంకొకరి చేతికి వెళ్ళింది, ఆ ఏడాది రేటింగ్ మామూలుగా ఇచ్చారు, మేనేజర్ కావడం రెండేళ్ళు వెనక్కి పోయింది. సరిగ్గా మూడేళ్ళకు, 2017 ఏప్రిల్ 1 నుంచి, ఆ సెలవును 26 వారాలు చేశారు. 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. 2018లో కాన్పయిన నీ స్నేహితురాలు ఆరు నెలలు జీతంతో ఇంట్లో ఉంది, తర్వాత పాపను ఆఫీసు క్రెష్‌లో పెట్టి పనికి వెళ్ళింది. ఇప్పుడు ఆమె డైరెక్టర్ అని చెప్పావు. ఆమె తెలివైందే, కాదనను. కానీ మీ ఇద్దరి మధ్య ఉన్న ఆ దూరంలో కొంత, చట్టం మారడం వల్ల వచ్చిన 14 వారాల తేడా ఉంది. నువ్వు ఆమెతో పోల్చుకున్నప్పుడల్లా ఈ 14 వారాలు మర్చిపోతున్నావు. దీన్ని మాత్రం నేను మర్చిపోనివ్వను, ఎందుకంటే ఆ ఏడాది నీ పక్కన ఉన్నది నేను. రాత్రి రెండింటికి పాపను భుజాన వేసుకుని తిరుగుతూనే ఇంకో చేత్తో లాప్‌టాప్ తెరిచి ఆఫీసు మెయిల్స్ చదివేదానివి. సెలవులో ఉన్న మనిషికి ఎవరూ చదవమని చెప్పలేదు. మర్చిపోతారేమోనని భయం. ఆ భయాన్ని ఇప్పుడు "నేను సరిగ్గా కష్టపడలేదు" అని రాసుకుంటే నేనెలా ఊరుకుంటాను?

2019. టెక్సస్ వెళ్ళమన్నారు. నువ్వూ అల్లుడుగారూ కూర్చుని మాట్లాడుకున్నారు. మీ అత్తగారికి ఒంట్లో బాగాలేదు, పాప అప్పుడప్పుడే బడిలో కుదురుకుంది. వద్దనుకున్నారు. ఇది నీదే. నీ ఖాతాలోనే రాసుకో, కానీ లోటు కింద రాయకు. నువ్వు ఆలోచించి, తెలిసి తీసుకున్న నిర్ణయం. వెళ్ళి ఉంటే ఈపాటికి డైరెక్టర్ అయ్యేదానివేమో. అది నిజమే కావచ్చు. అయినా ఎవరూ నిన్ను నెట్టలేదు.

2022లో నువ్వే అడిగి పేమెంట్స్ టీమ్‌కు మారావు. రెండేళ్ళలో ఆ టీమ్ ఎంతో పైకి వచ్చింది. ఈ సంగతి నువ్వు నాకు చెప్పలేదు, అల్లుడుగారు చెప్పారు. క్రెడిట్ వైపు రాయాల్సినవి నువ్వు అసలు రాయవు. ఆల్బర్ట్ బందూరా అని స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన సైకాలజిస్టు, నేను చేయగలనన్న నమ్మకం మనిషికి అన్నిటికంటే ఎక్కువగా తాను చేసి సాధించిన అనుభవం నుంచే వస్తుందని చెప్పాడట. చేసినవి రాసుకోకపోతే ఆ నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? ఈ శనివారం కూర్చుని ఒక కాగితం మీద రాయి. అప్రైజల్ కోసం రాసే ఇంగ్లీషు కాదు. నీకోసం రాసుకో.

ఇక ఈసారి సీటు ఎందుకు రాలేదన్నది. దాని గురించి నీకు ఏం తెలుసు? నిజంగా తెలిసింది ఏముంది? నేను అడిగితే "వాళ్ళకు నచ్చలేదు" అన్నావు. అది తెలియడం కాదు, ఊహించడం. అది సస్పెన్స్‌లో ఉండాల్సిన ఎంట్రీ. సస్పెన్స్‌లో ఉన్నదాన్ని ఎవరూ ఎల్లకాలం అలా ఉంచరు, వెంటపడి తేలుస్తారు. నీ బాస్ దగ్గరికి వెళ్ళి అడుగు. ఆ సీట్లు మొత్తం ఎన్ని? ఎవరు నిర్ణయించారు, ఇక్కడివాళ్ళా, అమెరికాలో కూర్చున్నవాళ్ళా? నాలో ఏం తక్కువని అనుకున్నారు? వచ్చే ఏడాది మళ్ళీ ఖాళీ ఉంటుందా, ఉండదా? మొహమాటపడకు. గొడవ పెట్టుకోమనడం లేదు. మామూలుగా కూర్చుని అడిగి, విన్నదాన్ని ఆ రోజే ఒక మెయిల్‌లో రాసి పంపు. ఖాళీలే లేవని తెలిస్తే నీకు వేరే చోట వెతుక్కోవాలని తెలుస్తుంది. నీలో ఫలానాది తక్కువని చెబితే అది నేర్చుకోవచ్చా లేదా అని చూసుకోవచ్చు. ఏదీ చెప్పలేకపోతే అదీ ఒక సమాధానమే.

ఒక్కటి మాత్రం నేను చెప్పాలి, కోపం తెచ్చుకోకు. పెద్దవాళ్ళ మీటింగుల్లో మాట్లాడటం లేదని నీకు ఇంతకు ముందు కూడా రేటింగ్‌లో రాశారని నువ్వే చెప్పావు. చిన్నప్పటినుంచీ అంతే, నలుగురిలో నీ మాట నాలుక చివరన ఆగిపోతుంది. ఇది మాత్రం నీ చేతుల్లో ఉంది. తలరాత కాదు, మాంద్యం కాదు, ఎవరి కుట్రా కాదు. దీని మీద పనిచెయ్యి. ఇదొక్కటి నీ చేతుల్లో ఉంది కాబట్టి మిగిలినవన్నీ కూడా నీ తప్పే అనుకోవద్దు.

ఇరవై ఏళ్ళ వయసులో వేసుకున్న లెక్క గురించీ ఒక మాట. హానెస్ ష్వాంట్ అనే ఆర్థికవేత్త జర్మనీలో 1991 నుంచి 2004 దాకా ఏటా సేకరించిన సమాధానాలు తీసి చూశాడట. అయిదేళ్ళ తర్వాత ఎంత సంతృప్తిగా ఉంటారని జనాన్ని అడిగారు, అయిదేళ్ళు పోయాక నిజంగా ఎలా ఉన్నారో చూశారు. కుర్రవాళ్ళు ఎక్కువ ఆశపెట్టుకున్నారు, అంత దొరకలేదు. వయసు మళ్ళినవాళ్ళు తక్కువ అనుకున్నారు, అనుకున్నదానికంటే మెరుగ్గా ఉన్నారు. నడివయసువాళ్ళు మధ్యలో ఇరుక్కుపోయారు. పాత ఆశలు ఒక్కొక్కటీ రాలిపోతుంటాయి, ముందు మంచి ఏమైనా ఉందన్న నమ్మకమూ తగ్గిపోతుంది. నువ్వు ఇప్పుడు సరిగ్గా అక్కడ ఉన్నావు. ఆ లెక్క వేసిన ఇరవై ఏళ్ళ పిల్లకు పాప రాబోతోందని తెలియదు, మాంద్యం వస్తుందని తెలియదు, కరోనా వస్తుందని తెలియదు. ఆ పిల్ల అంటే నాకు చాలా ఇష్టం. కానీ నీ జీవితానికి మార్కులు వేయడానికి ఆ పిల్ల ఎవరు? ఇప్పుడు నీకు తెలిసినవన్నీ తెలిసిన మనిషిగా ఇంకో లెక్క వేసుకో. అందులో డైరెక్టర్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అది నువ్వు తేల్చుకో. నాకు ఏ పట్టూ లేదు.

అమ్మ ఏదో చదివింది, రాసింది అనుకుంటావేమో. బ్యాంకులో నాకు కచ్చితంగా తెలిసిన ఒక పని చెబుతాను, ఇది ఈ నెలే చెయ్యి.

సర్జాపూర్ రోడ్డు ఫ్లాటుకు 2018లో లోను తీసుకున్నారు. ఆ లోను ఎంసీఎల్ఆర్ మీద, అంటే బ్యాంకు తన ఖర్చులను బట్టి తానే వేసుకునే రేటు మీద ఉండి ఉంటుంది. 2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ హోమ్ లోన్లు, అంటే వడ్డీ మారుతూ ఉండేవి, బయటి రేటుకు ముడిపడి ఉంటాయి, ఎక్కువగా రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటుకు. పాతవాళ్ళు అడిగి మారాలి, అడగకపోతే అలాగే ఉండిపోతారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. అప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ అలాగే ఉంచి నెలలు పెంచేశాయి. నీ ఈఎంఐ మారలేదు కాబట్టి నువ్వు గమనించి ఉండవు. 2023 ఆగస్టులో, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, నెలలు పెంచాలా, లేక స్థిరమైన వడ్డీకి మారాలా అని ఖాతాదారుడినే అడగాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు ఒక శాతం తగ్గింది. ఆ తగ్గింపు నీ లోనుకు ఎంత వచ్చిందో చూశావా? స్టేట్‌మెంట్ తీసి మూడు అంకెలు చూడు: ఇప్పటి వడ్డీ రేటు, మిగిలిన అసలు, మిగిలిన నెలలు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్ లోను ముందే కడితే బ్యాంకు జరిమానా వేయకూడదు. బోనస్‌లో కొంత అసలుకు కట్టి, ఈఎంఐ తగ్గించకుండా నెలలు తగ్గించమని రాసి ఇవ్వు.

ప్రమోషన్ గురించి మాట్లాడుతూ లోను దగ్గరికి ఎందుకు వచ్చానంటే, కౌంటర్లో కూర్చుని ఎన్నో కుటుంబాలను చూశాను. ఇష్టం లేని ఉద్యోగంలో మనుషులను ఎక్కువగా కట్టిపడేసేది బాస్ కాదు, ఈఎంఐ. ఇంకా పదిహేనేళ్ళు కట్టాలి అనుకున్న మనిషి బాస్ ముందు నోరు విప్పదు, జీతం కొంచెం తక్కువైనా పని నచ్చిన చోటికి వెళ్ళాలన్నా భయపడుతుంది. ఏడేళ్ళలో తీరిపోతుందని కాగితం మీద చూసుకున్న మనిషి నడకే వేరుగా ఉంటుంది. డైరెక్టర్ సీటు ఇవ్వాలా వద్దా అన్నది ఎవరో నిర్ణయిస్తారు. లోను ఎప్పుడు ముగియాలన్నది చాలావరకు నువ్వు నిర్ణయించవచ్చు.

2000, 2001 ప్రాంతంలో ప్రభుత్వ బ్యాంకుల్లో వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ ఇచ్చినప్పుడు నా పక్క కౌంటర్లవాళ్ళు చాలామంది తీసుకుని వెళ్ళిపోయారు. కంప్యూటర్లు వచ్చాయి, ఇక మన అవసరం లేదన్నారు. నేను ఉండిపోయాను. అప్పటికే మన ఇంటి లోను సగానికి పైగా తీర్చేశాం, అందుకే భయపడి ఏ నిర్ణయమూ తీసుకోవాల్సిన అవసరం రాలేదు. కంప్యూటర్ నేర్చుకున్నాను. బ్యాంకు ఉద్యోగులు రాసే సీఏఐఐబీ పరీక్ష రెండో భాగం అప్పటికే పాసై ఇంక్రిమెంట్లు తీసుకున్నాను. ఆ పరీక్షలు రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖాళీలతో పని లేదు, అందుకే రాశాను. 2018లో రిటైర్ అయ్యేటప్పుడు నేను మేనేజర్ని కాదు. కానీ ఇందాకటి ఏడు ప్రశ్నలకు నీ పిన్ని కూతురు నా జవాబులు కూడి చూసి, పెద్దమ్మా నీకు చాలా ఎక్కువ వచ్చాయి అంది. ఆ పిల్ల నీకూ అడుగుతానంది. ఇప్పుడే వద్దు, కొన్నాళ్ళాగి అడగమన్నాను.

రాత్రి నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే ఏడుపు రావడం ఇలాగే రెండు మూడు వారాలు ఉంటే డాక్టరుకు చూపించుకో. మీ బెంగుళూరులోనే నిమ్హాన్స్ ఉంది, మానసిక ఆరోగ్యానికి పెద్ద ఆసుపత్రి. సిగ్గుపడాల్సిన పని ఏమీ లేదు. అల్లుడుగారికి కూడా ఈ మాట నేనే ఫోన్లో చెబుతాను.

పాపకు నువ్వు ఈ మధ్య "నీ ర్యాంకు ఎంత" అని రోజూ అడుగుతున్నావట. తనే చెప్పింది. కొన్నాళ్ళు మానెయ్యి. దానికి పదకొండేళ్ళే.

పై నెల రెండో శనివారం వస్తున్నాను, మీ నాన్న కూడా వస్తారు. లోను స్టేట్‌మెంట్, శాంక్షన్ లెటర్ తీసి పెట్టు. సోమవారం పొద్దున్న సెలవు పెట్టుకో, బ్యాంకుకు ఇద్దరం కలిసి వెళ్దాం. వడ్డీ మార్చమని అర్జీ నేనే రాసి తెస్తాను, నువ్వు సంతకం పెడితే చాలు. ఈలోపు నీ బాస్‌ను అడగాల్సినవి అడిగేసి ఉండు.

ఇట్లు,
అమ్మ